చెత్త యొకటి వచ్చి చేరుగాక

వచ్చు నుత్తరముల వడబోయ నెంచిన
పంపువాని జూడు పలుకు గాదు
పక్కనుంచు టొప్పు పారవేయుట తప్పు
చెత్త యొకటి వచ్చి చేరుగాక

ప్రతిపదార్థం: వచ్చు = అడగకపోయినా వచ్చిపడే; ఉత్తరములన్ = ఈమెయిళ్లను; వడబోయన్ ఎంచినన్ = ఫిల్టర్ పెట్టుకోదలిస్తే; పంపువానిన్ చూడు = పంపింది ఎవరో చూసి నియమం రాయి; పలుకు కాదు = లోపలి మాటలు చూసి కాదు; పక్కన్ ఉంచుట = ఇన్‌బాక్స్‌లోకి రానీయకుండా ఒక లేబుల్ కింద చేర్చడం; ఒప్పు = శాస్త్రసమ్మతం; పారవేయుట = డిలీట్ అన్న గడిలో టిక్కు పెట్టడం; తప్పు = తప్పే, ఇందులో శ్లేష లేదు; చెత్త ఒకటి = పనికిరాని మెయిలొకటి; వచ్చి చేరున్ కాక = వస్తే వచ్చింది, పోనీ.

అవతారిక: పద్యం కట్టినవాడే టీక కూడా రాసుకోవడమేమిటని అడిగేవారికి సమాధానం సులభం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసి, దానికి దీపిక అనే వ్యాఖ్యానం కూడా తానే రాశాడు. తర్కం మొదలుపెట్టేవాళ్లు ఇవాళ్టికీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే చదువుతారు. ఆచారం ఉంది కాబట్టి ముందుకు పోదాం. మొదటి మూడు పాదాల్లో పేచీ పెద్దగా లేదు. నాలుగో పాదం దగ్గర మాత్రం చదువరి ఆగాలి. చెత్తను ఆపడానికే కదా వడపోత, మరి చెత్త వస్తే రానీ అన్న ఉపదేశమేమిటి? ఈ వ్యాఖ్య అంతా ఆ ఒక్క పాదాన్ని నిలబెట్టడానికే.

మొదట "వచ్చు" అనే విశేషణం. అది పాదపూరణకు పడింది కాదు. మనం తెప్పించుకునే ఉత్తరాలు వేరు, వాటంతట అవి వచ్చేవి వేరు. 1978 మే 3న గ్యారీ థుర్క్ అనే అమెరికన్, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తరఫున, అర్పానెట్‌లో చిరునామాలున్న సుమారు 400 మందికి తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శన చూడ్డానికి రమ్మని ఒకే ఉత్తరం పంపాడు. వాళ్లెవరూ అడగలేదు. చీవాట్లు పడ్డాయి, అమ్మకాలూ జరిగాయి. ఈ రెండోది జరగకపోయి ఉంటే అడగని ఉత్తరాల జాతి అక్కడితో అంతరించి ఉండేదేమో. కొలచల మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు ముందు, అక్కరలేనిది చెప్పబోనని మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. మెదకు సీమ పండితుడు పెట్టుకున్న ఆ కట్టుబాటు ఉత్తరాలు గుప్పించే వర్తకుల చెవిన పడలేదు. పంపేవాడు పాటించని కట్టుబాటును అందుకునేవాడు అమలు చేసుకోవలసి రావడం వల్లే ఫిల్టర్ అనే పదార్థం పుట్టింది.

ఇక "పలుకు గాదు". ఈ మాటకు నిదర్శనం కావాలంటే కెలమంగలాన్ని మించిన చోటు దొరకదు. కృష్ణగిరి జిల్లా డెంకణికోట తాలూకాలో, హోసూరుకూ రాయకోటకూ నడుమ ఉన్న ఈ ఊళ్లో ఇంటి మాట తెలుగు కావచ్చు, ఆఫీసు కాగితం తమిళం, బజారులో కన్నడం, ఫ్యాక్టరీలో ఇంగ్లీషు. ఇక్కడివారి ఫోన్‌లోకి ఉత్తరాలు ఇన్ని భాషల్లోనూ రావచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుతో సహా. అప్పులిస్తామనే మెయిళ్లతో విసిగినవాడొకడు "లోన్" అన్న మాట ఉన్నదాన్నల్లా ఆపమని నియమం రాశాడనుకుందాం. అదే సరుకు తెలుగులో అప్పుగా, రుణంగా వస్తుంది, తమిళంలో కడన్‌గా వస్తుంది, కన్నడంలో సాలగా వస్తుంది. ఒక్కో మాటకూ ఒక్కో నియమం రాసినా పని తీరదు, ఎందుకంటే మన భాషల్లో మాట ఒక రూపంలో నిలవదు. జీమెయిల్ ఫిల్టర్ మాటను మాటగానే చూస్తుంది, మాటలో ముక్కను చూడదు. "రుణం" అని రాస్తే "రుణానికి", "రుణాలపై", "రుణమాఫీ" దర్జాగా లోపలికి నడిచి వస్తాయి. విభక్తులన్నీ వరసగా రాసుకుంటూ పోతే అది ఫిల్టర్ కాదు, శబ్దమంజరి.

పోనీ ముక్కనే పట్టుకుందామంటే ఇంకా చిక్కు. మెయిల్ సర్వర్లలో నియమాలు రాయడానికి 2001లో ప్రమాణంగా వచ్చిన సీవ్ అనే భాషలో, మాట మధ్యలో ఉన్న ముక్కను కూడా పట్టే పరీక్ష ఉంది. దానికి "రుణ" అని ఇచ్చి చూడండి. రుణం, రుణానికి, రుణమాఫీ అన్నీ చిక్కుతాయి. వాటితోపాటు అరుణ పంపిన పెళ్లి పిలుపు, వరుణుడి మీద వ్యాసం, కరుణతో రాసిన పరామర్శ, "తగిన తరుణం ఇదే" అని మొదలయ్యే ఉద్యోగ ప్రకటన కూడా చిక్కుతాయి. ఇది మన లిపికే పట్టిన శాపం కాదు. ఇంగ్లండ్‌లో స్కన్‌థార్ప్ అనే ఊరివాళ్లు 1996లో ఏఓఎల్‌లో ఖాతాలు తెరవబోతే యంత్రం ఒప్పుకోలేదు. ఆ ఊరి పేరు నడుమ ఒక బూతు మాట అక్షరాలు వరసగా పడ్డాయి, అంతే. కెలమంగలం పేరుకు ఆ బాధ లేదు.

ఇక్కడ దీపిక తెరవాలి. లక్షణం చెప్పడంలో దోషాలు మూడంటాడు అన్నంభట్టు: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. ఉదాహరణ గోవు. కపిల వర్ణం ఉన్నదే గోవు అంటే తెల్లావు బయటపడిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నదే గోవు అంటే గేదె కూడా గోవైపోతుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట ఉన్నదే గోవు అంటే ఒక్క గోవుకూ తగలదు, అది అసంభవం. మూడో దానితో మనకు చివర పని పడుతుంది. "రుణం" అనే నియమంలో ఉన్నది అవ్యాప్తి, పట్టవలసిన చెత్తను పట్టలేదు. "రుణ" అనే నియమంలో ఉన్నది అతివ్యాప్తి, పట్టకూడనిదాన్ని పట్టింది. తర్కశాస్త్రానికి ఇవి రెండూ సమానమైన దోషాలే. లక్షణం చెడితే చెడినట్టే, ఎటు చెడిందన్నది అక్కడ అనవసరం. తపాలా శాస్త్రంలో అవి సమానం కావు. ఈ పద్యం చెప్పదలచిన సంగతల్లా ఈ అసమానతే.

అవ్యాప్తి వల్ల నష్టం ఎంత? ఒక పనికిరాని మెయిలు కంటపడుతుంది, వేలితో పక్కకు తోస్తాం. అతివ్యాప్తి వల్ల? నష్టం ఎంతో తెలియదు, నష్టం జరిగిందనే తెలియదు, అదే దాని అసలు గుణం. హోసూరు సిప్‌కాట్‌లో ఒక ఫ్యాక్టరీ డిప్లొమా చదివిన కుర్రవాణ్ణి ఇంటర్వ్యూకు పిలిచిన మెయిలు "ఆఫర్" అన్న మాట వల్ల మాయమైతే, అతనికి దక్కేది పిలుపు రాలేదన్న నిరాశ ఒక్కటే, కారణం దక్కదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కెలమంగలం చుట్టుపక్కల పాలీహౌసుల్లో ఉంది. ఇక్కడి గులాబీకి అసలు గిరాకీ ఫిబ్రవరి 14కు ముందు. పూలు బెంగళూరు మీదుగా బయటి దేశాలకు పోవాలంటే కోత తేదీ, కాడ పొడవు, పెట్టెల లెక్క అన్నీ అంతకు ముందే కుదరాలి. అటువంటి కొనుగోలుదారు రాసే మెయిలు ఎలా ఉంటుంది? వాలెంటైన్, గులాబీలు, మంచి ధర, వెంటనే జవాబు. ప్రపంచంలో మరే ఇన్‌బాక్స్‌లోనైనా ఈ నాలుగు మాటలు కలిసి కనిపిస్తే నిస్సందేహంగా చెత్త. గులాబీ రైతు ఇన్‌బాక్స్‌లో మాత్రం అది ఏడాది పంట. మాటలకు సొంతంగా పాపపుణ్యాలు లేవు, అందుకున్నవాణ్ణి బట్టి అవి చెత్తో జాబో అవుతాయి. కాబట్టి పలుకును చూసి రాసిన నియమం మంచి భాష తెలిసినవాడు రాసినా నమ్మదగింది కాదు.

అతివ్యాప్తి మీద దేశపు అత్యున్నత న్యాయస్థానం తీర్పు కూడా ఉంది. సమాచార సాంకేతిక చట్టంలో 66ఎ అనే సెక్షన్ ఉండేది. విసిగించే, పంపినవాడెవరో మభ్యపెట్టే ఈమెయిళ్లను కూడా అది నేరం చేసింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తప్పులేని మాటను కూడా పట్టేసేంత వెడల్పుగా, అస్పష్టంగా ఉందన్నది కారణాల్లో ఒకటి. నిష్కర్ష ఏమంటే, ఆ సెక్షన్‌తోపాటు కొంత చెత్తకు శిక్ష తప్పిపోయినా సరే, అంత వెడల్పు వల పనికిరాదన్నదే. నాలుగో పాదానికి ఇంతకంటే గట్టి ప్రమాణం ఈ వ్యాఖ్యాత చూపలేడు. మెయిలు ఫిల్టర్‌ను పౌరహక్కులతో పోల్చడం పెద్ద మాటే, కానీ టీకాకారులు చిన్న మాటలతో ఎప్పుడు సరిపెట్టుకున్నారు?

ఇప్పుడు పూర్వపక్షం. "పంపువాని జూడు అన్నారు. దొంగ ఎప్పుడూ తన పేరు పెట్టుకుని రాడు. ఇవాళ ఒక చిరునామా, రేపు ఇంకొకటి. వాణ్ణి చూసి రాసిన నియమం రేపటికి చెల్లదు. ఇది కూడా అవ్యాప్తే కదా?" అవును, అవ్యాప్తే. అయితే పద్యం పంపువాణ్ణి చూడమంది గాని, పంపువాణ్ణి ఆపమనలేదు. చూడడం రెండు విధాలు: ఆపడానికి చూడడం, రానివ్వడానికి చూడడం. జీమెయిల్ ఫిల్టర్ పెట్టెలో "స్పామ్‌కు ఎన్నడూ పంపకు" అన్న గడి ఒకటి ఉంటుంది, దాని మీద ఎవరి చెయ్యీ పోదు. మొదటి నియమం అక్కడ రాయాలి: నా బ్యాంకు, నా సహకార సంఘం, పూలు కొనేవాడు, పిల్లవాడి కాలేజీ. వీళ్లు ఏ మాట రాసినా రానీ. రెండో నియమం తెలిసిన వ్యాపారులకు, అంటే రోజుకో రాయితీ ప్రకటించే దుకాణాలకు. వాళ్లు పేరు మార్చుకుని రారు, పేరు కనబడాలనే వాళ్ల తాపత్రయం. వాళ్లను లేబుల్ వేసి పక్కన ఉంచు. పేరు మార్చుకునే దొంగల కోసం మనం నియమాలు రాయనక్కరలేదు, ఆ పని యంత్రానికి వదిలేయాలి.

"అయితే అంతా యంత్రానికే వదిలేయరాదా? గూగుల్ తాను స్పామ్‌లో 99.9 శాతానికి పైగా ఆపుతున్నానని చెబుతోంది. మనిషి రాసే నియమం ఇంకెందుకు?" దీనికి జవాబు ఉత్సర్గ అపవాదాల్లో ఉంది. అందరికీ వర్తించే సామాన్య విధి ఉత్సర్గం, ప్రత్యేక సందర్భానికి చెప్పింది అపవాదం. రెండూ ఎదురుపడితే అపవాదానిదే బలం. యంత్రం కోట్ల మంది ఉత్తరాలు చదివి నేర్చుకున్నది ఉత్సర్గం. కెలమంగలం గులాబీ రైతుకు వాలెంటైన్ అన్న మాట పంట మాట అని దానికెవరు చెబుతారు? పాల్ గ్రాహమ్ 2002 ఆగస్టులో స్పామ్ మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతి పట్టుకున్నాడు. ఎవరి ఉత్తరాలతో వారి వడపోతకు శిక్షణ ఇవ్వాలన్నాడు. ఆయన లెక్క వేసిన పద్ధతి ఒకసారి దగ్గరగా చూడదగింది. ఒక్కో మెయిల్లో బాగా తేడా చూపించే 15 మాటలు తీసుకుని, ఒక్కోటి చెత్తలో ఎంత తరచుగా వస్తుందో, మంచి ఉత్తరాల్లో ఎంత తరచుగా వస్తుందో చూసి సంభావ్యత కట్టాడు. కడుతూ మంచి ఉత్తరాల్లో కనిపించిన లెక్కను రెట్టింపు చేశాడు. అంతకు ముందు ఎన్నడూ చూడని మాటకు 0.4 ఇచ్చాడు, అంటే సగానికి కొంచెం ఇవతల, నిర్దోషి వైపు. ఈ రెండు మొగ్గులూ కావాలని పెట్టినవే. తెలియని మాటను దొంగగా చూడకు, మంచిదాన్ని పోగొట్టుకోవడం కంటే చెత్త ఒకటి దాటిపోవడం మేలు. మాటల లెక్కతో చెత్తను పట్టబోయినవాడు కూడా చివరికి మన నాలుగో పాదానికే వచ్చాడు, ఛందస్సు తప్ప.

మూడో ఆక్షేపణ బలమైనది. "చెత్త అంటే రాయితీ ప్రకటనలు మాత్రమే కాదు. బ్యాంకు వేషంలో వచ్చి ఖాతా ఊడ్చేసే మెయిలు కూడా చెత్తే. ఒక్కటి చేరుగాక అంటారా? ఆ ఒక్కటే కొంప ముంచుతుంది." ముంచుతుంది, నిజమే. కాని ఆ మెయిలు ఎలా ముంచుతుందో చూడండి. అది బ్యాంకు మాటలే మాట్లాడుతుంది: ఖాతా, కేవైసీ, గడువు, నిలిపివేత. ఈ మాటలను చూసి ఆపే నియమం అసలు బ్యాంకును కూడా ఆపుతుంది. కాబట్టి ఆక్షేపణ పద్యాన్ని పడగొట్టదు, "పలుకు గాదు" అన్న రెండో పాదానికే బలమిస్తుంది. వేషగాణ్ణి పట్టుకునేది పంపువాణ్ణి చూడడం వల్లే. పంపువాడంటే తెర మీద లావుగా కనిపించే పేరు కాదు, అది ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు రాసుకునేది. ఫోన్‌లో ఆ పేరు దగ్గర నొక్కి వివరం తెరిస్తే అసలు చిరునామా బయటపడుతుంది. అందులో ఎట్ గుర్తుకు ముందున్నది కూడా ఎవరైనా పెట్టుకోగలిగినదే. చూడవలసింది గుర్తు తర్వాతి తోక, ముఖ్యంగా దాని కొస. బ్యాంకు పేరు మధ్యలో ఎక్కడో ఇరికించి, కొసకు ఊరూ పేరూ లేని తోక తగిలించడం పాత విద్య. అసలు బ్యాంకు తోకనే తగిలించుకుని రావడం ఇంకో విద్య. అది సాగడానికి కారణం, ఈమెయిళ్ల రవాణాకు రాసిన 1982 నాటి ఎస్ఎంటీపీ నియమావళిలో పంపినవాడు నిజంగా వాడేనా అని అడిగే ఏర్పాటే లేకపోవడం. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు ఆ లోటు పూడ్చడానికి తర్వాత వచ్చాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి అవి తప్పనిసరి. మన రిజర్వు బ్యాంకు కూడా తోకనే నమ్మింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే తోకకు మారాలని చెప్పింది. ఆ తోకలు నమోదు చేసే పని హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థకు అప్పగించింది. అంతటి రిజర్వు బ్యాంకు కూడా ఇక్కడ బ్యాంకులు ఏ మాటలు రాయాలో చెప్పలేదు, ఏ పేరుతో రావాలో చెప్పింది. ఇక కీడు జరిగేది మెయిలు చేరినందువల్ల కాదు, అందులోని లింకు నొక్కినందువల్ల. ఆ నొక్కడాన్ని ఏ ఫిల్టరూ ఆపదు. నొక్కి డబ్బు పోయినవారు ఈ వ్యాఖ్య చదువుతూ కూర్చోక ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

"చందా మానుకునే బొత్తాం ఉండగా ఇంత శాస్త్రం ఎందుకు?" అన్న ఆక్షేపణకు సగం ఒప్పుకోలు. పరువున్న వ్యాపారి దగ్గర అది చాలు. పెద్ద ఎత్తున పంపేవారు ఆ పని ఒక్క నొక్కుతో అయ్యేలా చూడాలన్నది పైన చెప్పిన 2024 నిబంధనల్లోనే ఉంది. పరువు లేనివాడి దగ్గర ఆ బొత్తాం నొక్కితే, ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని మనమే కబురు పంపినట్టు.

"పారవేయుట తప్పు" అన్నచోట మాత్రం పద్యకర్త కాస్త కఠినంగా మాట్లాడాడనిపిస్తుంది. డిలీట్ చేసినది జీమెయిల్లో ట్రాష్‌లోకి పోయి 30 రోజులు ఉంటుంది కదా, స్పామ్‌లో పడ్డదానికీ అదే గడువు కదా, మరి తప్పేముంది? గడువు ఉంది గాని, గడువు ఉందన్న గుర్తు లేదు. ట్రాష్ తెరిచి చూసే అలవాటు ఎవరికీ ఉండదు, చూడనక్కరలేదనే కదా దాన్ని అలా పిలుస్తున్నాం. లేబుల్ అలా కాదు. "దుకాణాలు" అని పేరు పెట్టి పక్కన ఉంచితే పేరు పక్కన చదవనివాటి అంకె కనిపిస్తుంది, తీరిక ఉన్నప్పుడు తెరిచి చూడొచ్చు, దానికి గడువు లేదు. నియమం తప్పుగా రాశామని తెలిసేది కూడా అక్కడే. దుకాణాల మధ్య కాలేజీ ఫీజు రసీదు కూర్చుని ఉంటే అతివ్యాప్తి బయటపడుతుంది, నియమం దిద్దుకుంటాం. పారేసిన చోట దోషం బయటపడే అవకాశమే లేదు. అందుకే పద్యం ఒప్పు, తప్పు అని రెండు మాటలూ ఒకే పాదంలో ఎదురెదురుగా పెట్టింది.

విశేషాంశం: మూడో దోషం మిగిలింది. ఒంటి గిట్ట ఆవు హోసూరు పక్కన మత్తిగిరి పశువుల ఫారంలో కూడా దొరకదు. ఫిల్టర్ల జాబితాలో మాత్రం బోలెడు. మూసేసిన కంపెనీ నుంచి వచ్చే మెయిలు ఆపు, ఎప్పుడో చిరునామా మార్చుకున్న పత్రికను పక్కన పెట్టు, ఒక అక్షరం తప్పు రాసిన బ్యాంకు తోకను ఎన్నడూ స్పామ్‌కు పంపకు. ఇవి దేన్నీ ఆపవు, దేన్నీ రానివ్వవు. మొదటి రెండు రకాల వల్ల హాని లేదు, ఉంటే ఉండనీ. మూడో రకం ప్రమాదం, ఎందుకంటే రాసినవాడు రక్షణ ఉందనుకుని నిశ్చింతగా ఉంటాడు. తోకలో అక్షరం తప్పు పోయిన ఆ ఒక్క నియమాన్ని ఇవాళే తెరిచి, బ్యాంకు పంపిన తాజా మెయిలు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి సరిచేసుకోవాలి. బ్యాంకులు తోకలు మార్చుకున్న తర్వాత పాత తోకతో రాసిన నియమాలన్నీ ఈ కోవలోకే వస్తాయి.